పడుకుని చూసే టీవీ

మా ఇంటిదానికి కుడి పక్క పడిపోయి రెండేళ్ళు దాటింది. చెయ్యి, కాలు, మూతిలో సగం. ఆమె గదిలోకి టీవీ తెచ్చింది ఆమె కాలక్షేపానికేనని అందరూ అనుకున్నారు. చర్చి దగ్గర ఒకరిద్దరు నన్ను మెచ్చుకున్నారు కూడా, భార్యను ఇంత బాగా చూసుకునే మగవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారని. నేను తల ఊపి ఊరుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ టీవీ కొనిపించింది నా కోసం. సాయంత్రం పూట ఒక్క గంట ఆ గదిలోంచి బయటపడి, నన్ను ఎవరూ పిలవని చోట కూర్చోవడం కోసం.

మాది తిరువూరులో కాలనీ ఇల్లు. ముందు ఒక గది, వెనక ఒక గది, పక్కన వంట చేసుకునే కాస్త చోటు. వెనక గదిలో ఆమె మంచం, పక్కన బీరువా. కాళ్ళ వైపు గోడకీ మంచానికీ మధ్య నా అడుగులు ఒకటిన్నర పడతాయి. కిటికీ తీస్తే పక్కింటి గోడ. పొద్దున్నే ఒళ్ళు తుడవాలి, బట్టలు మార్చాలి, జావ తాగించాలి. రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు పుండు పడుతుందని డాక్టరు చెప్పాడు. మధ్యలో ఈగ వాలితే తోలాలి, చెవి దురద పెడితే గోకాలి. నేను నలభై ఏళ్ళు రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో కాయ కోసిన మనిషిని, ఆ తర్వాత తోటలకి కాపలా ఉన్నవాణ్ణి. కప్పు కింద కూర్చుని అన్నం తిన్న రోజులు తక్కువ. అలాంటివాడు ఒకటిన్నర అడుగులో రెండేళ్ళు తిరిగాడు.

ఇంకెవరినైనా పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. పెట్టాము. మా కాలనీలోనే ఒకావిడ పగలు వచ్చి కూర్చోవడానికి ఒప్పుకుంది. మొదటి రోజే ఆవిణ్ణి కూర్చోబెట్టి నేను మందులకి వెళ్ళాను, ఆ వంకతో కాస్త తిరిగాను. వచ్చేసరికి మా ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పక్కన ఈవిడ చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏం లేదన్నయ్యా, నన్ను అక్కా అక్కా అని ఒకటే పిలుస్తుంది పాపం. నేను ఇక్కడే ఉన్నా అక్కా అని చెప్తానే ఉన్నా" అంది.

మా ఆవిడ అన్నది అక్క కాదు. పక్క. "పక్క మార్చు" అంది. ఆమె నోట్లోంచి అది "అక్క ఆర్చు" అని వస్తుంది. రెండున్నర గంటలు ఒకే పక్క మీద పడుకుని, పక్క మార్చమని అడుగుతూనే ఉంది. ఈవిడ అక్కగారి ప్రేమకి మురిసిపోతూనే ఉంది. మూడో రోజు నుంచి ఆవిడ రాలేదు, నేనూ రమ్మనలేదు.

ఆమె మాట నాకు అర్థమైనట్టు వేరేవాళ్ళకి ఎందుకు కాదంటే, దానికీ ఒక కథ ఉంది. నేను అక్షరాలు నేర్చుకుంది యాభై దాటాక. ఒకసారి విజయవాడలో తిరువూరు బస్సనుకుని వేరే బస్సెక్కి నూజివీడులో దిగాను. ఎవరినీ అడగడానికి సిగ్గేసి, అడగకుండా ఎక్కిన ఫలితం అది. ఆ సిగ్గుతో చర్చిలో సాయంత్రాలు చదువు చెప్పే పంతులమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ నా చేతికి చిన్న అద్దం ఇచ్చి, ప ఫ బ భ మ అనిపించేది. "చూడండి, ఈ ఐదింటికీ పెదవులు కలవాలి. కలవకపోతే ఈ అక్షరాలు లేవు" అనేది. మీసాలు నెరిసిన వాణ్ణి అద్దంలో మూతి చూసుకుంటూ ప, బ అంటుంటే మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి పడీ పడీ నవ్వేది. నువ్వు కూడా రావే అంటే, "ఇంట్లో ఒకళ్ళకొస్తే చాల్లే బావా. నువ్వు చదివి చెప్పు, నేను వింటా" అంది. మేము మేనరికం, అందుకని నన్ను బావా అనే పిలుస్తుంది.

ఇప్పుడు ఆమె పెదవులు కలవవు. ఆ ఐదు అక్షరాలూ పోయాయి. బావా అన్న పిలుపు "ఆవా" అయింది. మంచినీళ్ళు "అంచినీళ్ళు". పోయిన అక్షరం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలుసు కాబట్టి నాకు అర్థమవుతుంది. మా అమ్మాయికే సగం అర్థమవుతుంది, సగం నన్ను అడుగుతుంది. ఇక్కడినుంచి ఆమె మాటలు నేను సరిచేసి రాస్తున్నాను. వచ్చింది వచ్చినట్టు రాస్తే చదివేవాళ్ళకి నా పని పడుతుంది.

మా అమ్మాయి గంపలగూడెం దగ్గర బడిలో టీచరు. ఆదివారాలు ప్రార్థన అయ్యాక వచ్చి సాయంత్రం దాకా ఉంటుంది. ఒక ఆదివారం దానితో అన్నాను, మీ అమ్మకి పాటలంటే ఇష్టం కదా, ఆ గదిలో చిన్న టీవీ ఒకటి పెడితే బాగుంటుందని. అది వెంటనే ఒప్పేసుకుంది. అంత తొందరగా ఒప్పుకునేసరికి నాకు లోపల కాస్త గుచ్చుకుంది కూడా.

"నేను అమ్మ దగ్గర కూర్చుంటా, నువ్వెళ్ళి తెచ్చుకో నాన్నా. చిన్నదే తీసుకో గానీ నమ్మకమైంది తీసుకో. రిపేరని మళ్ళీ మళ్ళీ తిరగలేవు."

"నమ్మకమైందని ఎట్టా తెలుస్తదే?"

"మంచి కంపెనీది అడుగు."

నాకు కావలసిన నమ్మకం కంపెనీ చెప్పేది కాదు. మా దగ్గర కరెంటు పగలు రెండు మూడుసార్లు పోయి వస్తుంటుంది. అమ్మాయి వాళ్ళింట్లో చూశాను, కరెంటు పోయి వస్తే టీవీ కింద ఎర్ర లైటు మాత్రం వెలుగుతుంది. మళ్ళీ రిమోటు నొక్కితేనే బొమ్మ. మంచం మీద ఉన్న మనిషి ఏ రిమోటు నొక్కుతుంది? కుడి చెయ్యి లేదు, ఎడమ చేతికి అలవాటు లేదు. అంటే కరెంటు పోయినప్పుడల్లా నేను అక్కడుండాలి. అలాంటి టీవీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కరెంటు వచ్చాక దానంతటది వెలగాలి. రెండోది, ఆమె పడుకున్న చోటునుంచి బొమ్మ కనపడాలి. ఈ రెండూ మనసులో పెట్టుకుని మెయిన్ రోడ్డు మీద ఒక కొట్లోకి వెళ్ళాను.

కొట్టాయనకి నలభై ఏళ్ళుంటాయి. మర్యాద తెలిసినవాడే.

"రండి తాతగారూ, ఏం చూపించమంటారు?"

"టీవీ. చిన్నది. మంచం ఎదురుగా పెట్టుకునేది."

"ముప్ఫై రెండు పెట్టుకోండి. ఇప్పుడెవరూ అంతకన్నా చిన్నది వాడట్లేదు. అసలు నలభై మూడు మీద ఆఫరుంది..."

"ముప్ఫై రెండు పెడితే నా బీరువా తలుపు తెరుచుకోదు. నువ్వేమో నలభై మూడంటావు. తలుపు తియ్యకుండా చీరలెట్టా తీసుకోమంటావు, కిటికీలోంచా?"

అతను నవ్వి, వెనకనుంచి ఇరవై నాలుగు ఇంచీలవి మూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టెల మీద తెలుగులో కాగితాలు అంటించి ఉన్నాయి. అక్షరాలు కనపడితే నేను చదవకుండా ఉండలేను. చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళు ఒక్క చూపులో చదివేస్తారు, నేను ఇప్పటికీ ఒక్కో అక్షరం మీద కాలు పెట్టి దాటతాను. ఒక... సంవత్సరం... వారం... టీ.

"ఏవయ్యా, సంవత్సరమా, వారమా? ఏదో ఒకటి రాయొచ్చుగా."

"ఏది తాతగారూ?"

"ఇదిగో. సంవత్సరం అని రాసి పక్కనే వారం అన్నారు. మళ్ళీ ఈ టీ ఏంటి? వారానికోసారి టీ ఇప్పిస్తారా?"

అతను నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. "వారంటీ అండి. మొత్తం కలిపి ఒకే మాట. పాడైతే కంపెనీవాళ్ళు బాగుచేసిస్తారు."

"గ్యారంటీ అని రాస్తే పోయేదిగా."

"గ్యారంటీ వేరు, వారంటీ వేరండి. గ్యారంటీ అంటే మార్చి కొత్తదిస్తారు. వారంటీ అంటే ఉన్నదే బాగుచేస్తారు."

"ఎక్కడ బాగుచేస్తారు?"

"విజయవాడ పంపాలండి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎంతండీ, ఓ వారం..."

"మరి నేను చదివిందాంట్లో తప్పేముంది?"

ఈసారి అతను నోరంతా తెరిచి నవ్వాడు. మూడు టీవీలూ పెట్టించి, వాటిల్లో ఒకే పాట పెట్టాడు. నిలబడి చూస్తే మూడూ బాగానే ఉన్నాయి. నేను భుజం మీద తువ్వాలు తీసి నేల మీద పరిచి, ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను.

"తాతగారూ! తాతగారూ, కళ్ళు తిరిగినయ్యా?"

మిక్సీ కొనడానికి వచ్చిన ఒకావిడ "అయ్యయ్యో, నీళ్ళు చల్లండి ముందు" అంటూ పరుగెత్తుకొచ్చింది.

"నాకేం కాలేదమ్మా. టీవీ చూస్తున్నా."

"పడుకుని చూడ్డమేంటండీ కొట్లో?" అంది ఆవిడ.

"చూసేది పడుకునే మనిషి. నేను నిలబడి చూసి ఏం లాభం?"

కింది నుంచి చూస్తే తేడా తెలిసింది. ఒకదాంట్లో పాడేవాడి మొహం బొగ్గులాగా నల్లబడి, పళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఇంకోదాంట్లో రంగులు వెలిసిపోయాయి. చివరిదాంట్లో మనిషి మనిషిలాగే ఉన్నాడు. ఎడమ పక్క, కుడి పక్క, వెల్లకిలా మూడు రకాలుగా చూశాను. కొట్టాయన నా పక్కన గొంతుకు కూర్చుని, గుమ్మం వైపు చూస్తూ, "లేవండి తాతగారూ, రోడ్డు మీద జనం చూస్తున్నారు. కొట్లో ఎవరో పోయారనుకుంటారు" అని బతిమాలాడు.

లేచి తువ్వాలు దులుపుకుని, ఆ చివరిదాని ప్లగ్గు పట్టుకుని లాగేశాను. అతను "ఏయ్" అనబోయి ఆగాడు. పది అంకెలు లెక్కపెట్టి మళ్ళీ పెట్టాను. చిన్న మెరుపు మెరిసి, కాసేపు ఆలోచించి, బొమ్మ దానంతటదే వచ్చింది. మళ్ళీ లాగాను, మళ్ళీ పెట్టాను. మూడుసార్లూ వచ్చింది. మిగతా రెండూ ఎర్ర లైటు వెలిగించి కూర్చున్నాయి.

"ఇన్నేళ్ళల్లో టీవీని ఇట్టా పరీక్ష చేసినవాణ్ణి చూళ్ళేదండి. అందరూ బొమ్మ ఎంత తళతళలాడుతుందో చూస్తారు" అన్నాడు.

అక్కడితో కట్టించుకుని వచ్చేస్తే సరిపోయేది. కానీ అతనికి నేనంటే ముచ్చటేసినట్టుంది. గోడకున్న పెద్ద టీవీ చూపించి, "మంచం మీద మనిషికైతే ఇది బాగుంటుంది తాతగారూ. మీటలతో పన్లేదు. మాట చెబితే పెట్టేస్తుంది" అన్నాడు.

"తెలుగు మాటా?"

"తెలుగేనండి. చూడండి." రిమోటు మూతి దగ్గర పెట్టుకుని "పాటలు" అన్నాడు. టీవీలో పాటలు వరసగా వచ్చి నిలబడ్డాయి.

కాలు, చెయ్యి పోయినా ఆమెకి మాట ఉంది. ఆమె మాటకి టీవీ పలికితే నాకు గంట ఏంటి, పూటంతా దొరుకుతుంది. బస్సెక్కి రెడ్డిగూడెం పోయి తోటల్లో పూత చూసి రావచ్చు. బీరువా అవతల పడేద్దాం, చీరలు దండెం మీద వేసుకుందాం, గోడంతా టీవీకే ఇచ్చేద్దాం అని కూడా అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. రిమోటు అతని చేతిలోంచి తీసుకున్నాను. మూతి కుడి పక్కకి వదిలేసి, పెదవులు కలవనివ్వకుండా, ఆమె ఎలా అంటుందో అలాగే అన్నాను.

"ఆటలు."

టీవీ క్రికెట్ పెట్టింది.

ఇంకాస్త నిదానంగా అన్నాను. ఈసారి కబడ్డీ పెట్టింది. "అక్తి ఆటలు" అన్నాను, భక్తి పాటలని. అది కాసేపు తిరిగి, అర్థం కాలేదని రాసి, మళ్ళీ కబడ్డీకే పోయింది.

కొట్టాయన నవ్వుతున్నాడు. "పాటలు అని గట్టిగా అనండి తాతగారూ. పళ్ళు లేవా ఏంటి?"

"పళ్ళున్నాయి. మా ఆవిడ ఇట్టాగే అంటుంది."

అతని నవ్వు ఆగిపోయింది. రిమోటు తీసుకుని, చొక్కాకి తుడిచి బల్ల మీద పెట్టాడు. మెల్లగా అడిగాడు. "ఆవిడ మాటలు మీకు అన్నీ తెలుస్తాయాండి?"

"తెలుస్తాయి."

"మీక్కాక ఇంకెవరికి తెలుస్తాయి?"

నేను ఆ పెద్ద టీవీ వైపే చూస్తూ నిలబడ్డాను. అందులో కబడ్డీ ఆటగాడొకణ్ణి ఏడుగురు కలిసి పట్టుకుని నేల మీద అదిమేశారు.

"ఆ చిన్నదే కట్టెయ్యి" అన్నాను.

కేబుల్ మనిషి వచ్చి గోడకి బిగించి, కింద వాళ్ళ డబ్బా పెట్టి, వైర్లు కలిపి వెళ్ళాడు. మా అమ్మాయి తల్లి తల కింద ఇంకో దిండు పెట్టింది. పాట మొదలవగానే మా ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. పాడిన వాళ్ళతోపాటు గొంతు కలిపింది కూడా, మాటలు లేకుండా. మా అమ్మాయి ఏడ్చింది. ఏడవడానికి అది వంటగదిలోకి పోయింది, నేను పోవడానికి చోటు లేక అక్కడే నిలబడ్డాను.

రెండు రోజులు నేను కూడా కింద కూర్చుని చూశాను. వెంటనే వెళ్ళిపోతే బాగోదనిపించింది. వార్తలు వచ్చినప్పుడు తెర అడుగున అక్షరాలు పరుగెత్తుతాయి. "ఏం రాశాడు?" అని అడిగేది. నేను మొదటి మాట దాటేలోపల మూడు మాటలు వెళ్ళిపోయేవి. "ఏదో వానల సంగతి" అనేవాణ్ణి. "పూర్తిగా చదవకుండా చెప్తావేంటి" అని కసిరేది. రిమోటు ఎడమ చేతిలో పెట్టి నొక్కమంటే, టీవీదొకటి, డబ్బాదొకటి రెండు రిమోట్లు చూసి మొహం తిప్పుకుంది. "నువ్వున్నావుగా" అంది.

ఆ మాట ఆమె ఎప్పుడూ అనేదే. ఆ రోజు మాత్రం నా కళ్ళు గుమ్మం వైపు పోయాయి.

మూడో రోజు నాలుగింటికి పక్క మార్చి, పాటలు పెట్టి, "పాల ప్యాకెట్టు తెస్తా" అని చెప్పి బయటపడ్డాను. నేరుగా బస్టాండుకి పోయి సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. విజయవాడ బస్సొకటి వెళ్ళింది, ఒకటి వచ్చింది. బయట షేర్ ఆటోలవాళ్ళు గంపలగూడెం గంపలగూడెం అని అరుస్తున్నారు. వాళ్ళు అరిచేది నన్ను కాదు. ఎవరు ఎవరిని పిలిచినా అందులో నేను లేను. మిరపకాయ బజ్జీలు రెండు తిన్నాను, కారానికి ముక్కు కారింది, హాయిగా తుడుచుకున్నాను. మధ్యలో కరెంటు పోయింది. బజ్జీల బండి పక్క కొట్లో ఫ్యాను ఆగిపోయి, పావుగంటకి మళ్ళీ తిరిగింది. నేను కదల్లేదు. నా టీవీ దానంతటదే వెలుగుతుందని మూడుసార్లు చూసుకున్నానుగా. ఇంకో అరగంట ఎక్కువే కూర్చున్నాను.

ఇంటికి వచ్చి చూస్తే టీవీ వెలుగుతూనే ఉంది. పాటలు లేవు. తెరంతా నీలం, అందులో ఇంగ్లీషు అక్షరాలున్న చిన్న గడి ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. ఈ అంచుకి తగిలి ఆ మూలకి, ఆ మూలకి తగిలి ఈ అంచుకి. మా ఆవిడ కళ్ళు దాని వెంటే తిరుగుతున్నాయి.

నేను కొట్లో పరీక్ష చేసింది టీవీని. దాని కింద కేబుల్ డబ్బా ఒకటి ఉంటుందని, కరెంటు పోయొస్తే అది పడుకునే ఉంటుందని నాకు తట్టలేదు. ఇది తర్వాత ఫోన్లో మా అమ్మాయి చెప్పింది.

"ఎంతసేపటినుంచి ఇట్టా ఉంది?"

"కరెంటొచ్చిన కాణ్ణించి" అంది. "ఏం రాశాడు దాంట్లో?"

"ఇంగ్లీషు. నాకు రాదు."

"బాగానే ఉందిలే. చూస్తున్నా. మూల దాకా పోతది, తగిలి వెనక్కి వస్తది. అచ్చం నువ్వే ఈ గదిలో."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆమె నా చేతుల వైపు చూసింది.

"పాలేవి?"

పాల సంగతే మర్చిపోయాను. బజ్జీల వాసన నా మీసాలకే ఉండి ఉంటుంది.

"ఈ టీవీ నాక్కాదుగా బావా, నీకు కొన్నావు" అంది.

అబద్ధం నోటి దాకా వచ్చింది. రెండేళ్ళనుంచి ఆమెకి నేను చెయ్యని పని లేదు, ఆమె ఒంట్లో నాకు తెలియని చోటు లేదు. అలాంటి మనిషి ముందు ఏం దాస్తాను?

"అవును" అన్నాను. "ఊపిరాడ్డం లేదే నాకు ఇక్కడ."

కోపమొస్తే ఆమె ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేస్తుంది ఇప్పుడు. అది లేచింది.

"నాకాడుతుందా? నేనెక్కడికి పోను?"

నేను లేచి జావ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళాను. అక్కడ ఎక్కువసేపే నిలబడ్డాను, పిలుస్తుందేమోనని చెవులు అటే పెట్టుకుని. పిలవలేదు. జావ తాగించేటప్పుడు అంది:

"పోవాలంటే పో. టీవీ పెట్టి, పాలని చెప్పి, దొంగలాగా పోమాక. పోతున్నానని చెప్పి పో."

మర్నాడు నాలుగింటికి పక్క మార్చాక, "బస్టాండు దాకా పోతున్నా" అన్నాను. ఆ మాట పైకి అనడం పాల అబద్ధం కన్నా కష్టంగా ఉంది.

"ఎప్పుడొస్తావు?"

"ఐదింటికి."

"పాటలొద్దు. టైము కనపడేది పెట్టు."

వార్తల చానళ్ళలో తెర పైన మూలకి గడియారం అంకెలు ఉంటాయి. అక్షరాలు రాకపోయినా అంకెలు ఆమెకి వచ్చు. నేను వార్తలు పెట్టాను. వార్తలు చదివేవాడు ఏం చెప్తున్నాడో ఆమె వినలేదు, మూలకే చూసింది. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే ఇంకా అక్కడే చూస్తోంది.

అప్పటినుంచి రోజూ వెళ్తున్నాను. నాలుగింటికి వెళ్ళి ఐదింటికి వస్తాను. బల్ల మీద కూర్చున్నంతసేపూ నా కళ్ళు బస్టాండు గోడ మీద గడియారం దగ్గరే ఉంటాయి. బజ్జీలు తినాలనిపించదు. బస్సులు వచ్చినా పోయినా లెక్కపెట్టను. అక్కడ ఫ్యాను ఆగిందంటే లేచి గబగబా నడుస్తాను, ఎందుకంటే డబ్బా పడుకుంటే ఆమెకి టైము కనపడదు.

మొన్న ఒక రోజు మాత్రం, తోటల్లో నాతో పనిచేసిన మనిషి ఒకడు కనపడి మాటల్లో పెట్టాడు. ఈ ఏడు పూత బాగా నిలబడిందని చెప్పాడు. చూసుకునేసరికి ఐదు దాటి పావుగంటయింది. పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాను. కరెంటుంది, ఫ్యాను తిరుగుతోంది, టీవీ మాత్రం ఆగిపోయి నల్లగా ఉంది. డబ్బా పాడైందనుకున్నాను. చూస్తే టీవీ రిమోటు ఆమె ఎడమ చేతి కింద ఉంది. ఇన్నాళ్ళూ ముట్టుకోనిది, ఎర్ర మీట ఏదో తనే వెతుక్కుని నొక్కింది.

"నువ్వే కట్టేశావా?"

"ఆఁ."

"ఎందుకే?"

"ఐదు దాటాక దాంట్లో నాకు చూడ్డానికేముంది?" అంది. "పక్క మార్చు."